మూడేళ్ల లెక్క బావగారిది కాదా?

ప్రశ్న: మాది పెందుర్తి. మా ఆయన కువైట్‌లో వెల్డర్, వెళ్లి 8 ఏళ్లయింది. మొదటి మూడేళ్లు డబ్బు మా బావగారి ఖాతాకి పంపేవారు, తర్వాత నుంచి నాకు. అద్దె, పాప ఫీజు, అత్తగారి మందులు అన్నీ నేనే చూసుకున్నాను. ఇప్పుడు సెలవు మీద వచ్చి రూపాయి రూపాయికీ లెక్క అడుగుతున్నారు. దాచిందంతా పెట్టి పద్మనాభం వైపు అరెకరం పొలం కొంటారట. బావగారు సై అన్నారు. పాపకి వచ్చే ఏడు ఇంజినీరింగ్. నాకు మాట్లాడే హక్కు లేదా?

జవాబు: హక్కు సంగతి తర్వాత. ముందు పొలం సంగతి, ఎందుకంటే బయానా ఇచ్చేస్తే వెనక్కి రాదు. మీ ఆయన ఎన్నారై. ఎన్నారైలు ఇక్కడ ఇల్లు, ఫ్లాటు, ఇళ్ల స్థలం కొనుక్కోవచ్చు గానీ, సాగుభూమి కొనడానికి ఫెమా (విదేశీ మారకం) చట్టం ఒప్పుకోదు. వారసత్వంగా వస్తే వేరే మాట. ఇది మీ నోట వస్తే గొడవవుతుంది, లాయరు నోట విననివ్వండి. అప్పుడు ‘అన్నయ్య పేరున రాయిద్దాం’ అంటారు, చూడండి. దానికి మాత్రం ససేమిరా అనండి.

అయినా ఆయనకి పొలం మీద అంత పట్టుదల ఎందుకో ఆలోచించారా? కువైట్‌లో మనవాళ్లకి పెన్షన్ ఉండదు. ఉద్యోగం ముగిసినప్పుడు నెల జీతగాళ్లకి చేతికొచ్చేది మొదటి 5 ఏళ్లకు ఏడాదికి 15 రోజుల జీతం, ఆపైన ఏడాదికో నెల జీతం. వీసా ఎన్నాళ్లుంటుందో తెలియని మనిషికి నేలే గట్టిగా కనిపిస్తుంది. నా దగ్గరికొచ్చిన ఒకావిడ భర్త ఎంవీపీ రైతుబజారులో టమాటా ధరని ఫిల్స్‌లోకి, అంటే కువైట్ చిల్లరలోకి మార్చి బేరమాడేవాడట, ఆవిడకి తల కొట్టేసినట్టుండేది. పాపం, అక్కడ ఏళ్ల తరబడి అలా లెక్కపెట్టుకునే బతికాడు.

అందుకని లెక్క అడిగితే అనుమానిస్తున్నారని బాధపడకండి. ఫీజు రసీదులు, మందుల బిల్లులు ఒక సాయంత్రం ముందేసుకుని ఇద్దరూ కూర్చోండి. పాప కాలేజీకి ఈసారి ఆయన్నే వెళ్లి ఫీజు కట్టమనండి. ఆ కౌంటర్ దగ్గర నిలబడితే మీ నెల ఖర్చు దానంతటదే తెలుస్తుంది.

ఒక్క విషయం నాకూ గుచ్చుకుంది. బావగారి ఖాతాలో పడిన మూడేళ్ల డబ్బుకి లెక్కేదీ? మీ పుస్తకం తెరిచినరోజే అదీ తెరవమనండి, కోపంగా కాదు, మామూలుగా.

ఆయన విమానం ఎక్కేలోపు పాప నాలుగేళ్ల ఫీజుకి సరిపడా ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో (ఎన్నారైలు విదేశీ సంపాదన దాచుకునే ఖాతా) ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయించండి, వడ్డీకి ఇక్కడ పన్ను ఉండదు. అవసరానికి మీరు డబ్బు తీయగలిగేలా బ్యాంకులో అధికార పత్రం ఇమ్మనండి. ఆయనది ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికోసం గల్ఫ్ లాంటి దేశాలకు వెళ్లడానికి ప్రభుత్వ అనుమతి కావాల్సిన రకం) అయితే ప్రవాసీ భారతీయ బీమా గడువు చూడండి, ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు వచ్చే పాలసీ అది, చాలామంది రెన్యువల్ మరిచిపోతారు. మిగిలిన దాంతో స్థలమా, ఇల్లా అన్నది మీరిద్దరే తేల్చుకోండి. బావగారికి ఆ కబురు చెప్పాల్సింది మీరు కాదు, ఆయనే.