అలర్జీ మాత్రకు మత్తెందుకు? మామిడి సొనకు ఆ మాత్ర చాలదెందుకు?

(అలర్జీ, వాపు మందుల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు తిరుపతిలో ఔషధ రసాయన శాస్త్రం బోధిస్తున్న అధ్యాపకుడి సమాధానాలు)

ప్రశ్న: పొద్దున లేవగానే నాకు వరుసగా తుమ్ములు వస్తాయి. ఒకప్పుడు క్లోర్‌ఫెనిరమిన్ మాత్ర వేసుకుంటే తుమ్ములు ఆగేవి కానీ మధ్యాహ్నం దాకా కళ్ళు మూతలు పడేవి. ఇప్పుడు డాక్టరుగారు రాసిన ఫెక్సోఫెనడిన్‌తో ఆ మత్తు లేదు. రెండూ అలర్జీ మందులే కదా, ఈ తేడా ఎందుకు?
– ఒక పాఠకుడు, తిరుచానూరు

జవాబు: రెండు మాత్రలూ చేసే పని ఒకటే, అవి చేరే చోట్లు వేరు. ఒంటికి సరిపడని దుమ్ము గానీ పుప్పొడి గానీ తగిలినప్పుడు ముక్కు లోపలి పొరలోని మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. అది నరాల మీద, రక్తనాళాల మీద ఉండే హెచ్1 గ్రాహకాలకు (హిస్టమిన్ సంకేతాన్ని అందుకునే ప్రోటీన్లకు) అతుక్కోగానే తుమ్ములు, దురద, ముక్కు కారడం మొదలవుతాయి. మీరు వాడిన రెండు మందులూ ఆ గ్రాహకాలనే అడ్డుకుంటాయి. అయితే అదే హిస్టమిన్ మెదడులో మనల్ని మెలకువగా ఉంచుతుంది. క్లోర్‌ఫెనిరమిన్ కొవ్వులో సులువుగా కరిగే చిన్న అణువు కాబట్టి, రక్తానికీ మెదడుకూ నడుమ ఉన్న అడ్డుగోడను దాటి వెళ్ళి అక్కడి గ్రాహకాలను కూడా మూసేస్తుంది. 1937లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో డేనియల్ బోవే, ఆన్ మరీ స్టౌబ్ తొలి యాంటీహిస్టమిన్‌ను గుర్తించినది మొదలు దశాబ్దాల పాటు ఈ మత్తు రసాయన శాస్త్రవేత్తలను వేధిస్తూనే ఉంది.

విచిత్రంగా, దారి చూపింది మన కాలేయమే. మత్తు బాగా కలిగించే హైడ్రాక్సిజిన్‌ను మన శరీరం మార్చినప్పుడు ఏర్పడే పదార్థమే సెట్రిజిన్. ఆ మార్పులో అణువు కొసన ఒక ఆమ్ల సమూహం ఏర్పడి, దానికి విద్యుదావేశం వస్తుంది కనుక మెదడులోకి చొరబడడం బాగా తగ్గుతుంది (పూర్తిగా ఆగదు, సెట్రిజిన్‌తో కునికిపాట్లు పడేవారు ఇప్పటికీ ఉన్నారు). మీ మాత్ర చరిత్రలో ఇంకా పెద్ద ప్రమాదమే ఉంది. మత్తు కలిగించని మందుగా టెర్ఫెనడిన్ పేరు తెచ్చుకుంది. కానీ ఎరిత్రోమైసిన్ (యాంటీబయాటిక్), కీటోకొనజోల్ (ఫంగస్ మందు) వంటి మందులతో కలిపి వాడినవారిలో కాలేయం దాన్ని మార్చలేకపోవడంతో, రక్తంలో పేరుకున్న అసలు మందు గుండె లయను ప్రాణాపాయం కలిగేంతగా చెదరగొట్టేది. నిజానికి తుమ్ములు తగ్గిస్తున్నది టెర్ఫెనడిన్ కాదు, కాలేయం దాని నుంచి తయారుచేసే ఫెక్సోఫెనడిన్. గుండెకు ఆ చేటు చేయని ఈ రూపానికి 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది, తర్వాత కొద్దికాలానికే టెర్ఫెనడిన్ అక్కడి మార్కెట్ నుంచి తప్పుకుంది. సరికొత్త అణువును కనిపెట్టడం కంటే, పాత అణువు ఒంట్లో ఏమవుతున్నదో ఓపికగా గమనించడమే గొప్ప పరిశోధన అని నేను నమ్మడానికి ఇదొక కారణం.

ఒక్క జాగ్రత్త: ఈ మాత్రను నారింజ, యాపిల్ రసాలతో మింగకండి. పేగుల్లో మందును లోపలికి మోసుకుపోయే ప్రోటీన్లను అవి అడ్డుకుంటాయి కాబట్టి మంచినీళ్ళతోనే వేసుకోవాలి.

ప్రశ్న: తోతాపురి కోతల కాలంలో మా ఆయనకు చేతుల మీద, మెడ మీద నీటి పొక్కులు లేస్తాయి. సెట్రిజిన్ వేసుకున్నా తగ్గడం లేదు. మాత్ర మార్చాలా?
– ఒక పాఠకురాలు, బంగారుపాళ్యం

జవాబు: మాత్ర మార్చినా పెద్దగా ఫలితం ఉండదు, ఎందుకంటే ఇక్కడ ప్రధాన దోషి హిస్టమిన్ కాదు. మామిడి సొనలోనూ తొక్కలోనూ రిసార్సినాల్ జాతికి చెందిన, పొడవైన కొవ్వు తోక గల పదార్థాలు ఉంటాయి. మామిడికి దాయాది అయిన జీడిమామిడి గింజ పెంకు నూనెలో ఉండేవీ ఇటువంటివే. అవి చర్మంలోకి ఇంకి అక్కడి ప్రోటీన్లకు అతుక్కుంటే, రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు వాటిని పరాయివిగా గుర్తుపట్టి దాడి చేస్తాయి. ఈ దాడికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది కనుకనే చాలామంది తప్పు సొనది కాదని, నిన్న తిన్నదేదో పడలేదని అనుకుంటారు. సొన చిమ్మిన వెంటనే పుట్టే మంట మాత్రం అలర్జీ కాదు, నేరుగా చర్మం కాలడం.

చర్మ వైద్యులు ఇచ్చే స్టెరాయిడ్ పూత మందు ఆ కణాల జోరును తగ్గిస్తుంది. సెట్రిజిన్ వల్ల మహా అయితే దురద కొంచెం ఉపశమిస్తుంది. నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు, సొన పడిన వెంటనే సబ్బుతో కడగడం ఏ మందు కంటే ముందుండాలి.

ప్రశ్న: మా నాన్నగారి కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ ఇచ్చారు. అది క్యాన్సర్ మందని విని భయపడుతున్నాం.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: విన్నది నిజమే, భయం మాత్రం అక్కరలేదు. మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన ఫోలిక్ ఆమ్ల పరిశోధన నుంచే, ఆ విటమిన్‌ను పోలి ఉంటూ దాని పనిని అడ్డుకునే ఈ జాతి మందులు పుట్టాయి. క్యాన్సర్‌లో పెద్ద మోతాదులో కణ విభజనను ఆపే ఈ మందు, కీళ్ళవాతంలో చాలా చిన్న మోతాదులో వాపును అణచుతుంది. దుష్ఫలితాలు తగ్గడానికి దీనికి తోడుగా డాక్టర్లు రాసేది ఆ ఫోలిక్ ఆమ్లాన్నే. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాల మీదికి తెచ్చుకున్నవారు ఉన్నారు కనుక, వారంలో ఏ రోజు వేసుకోవాలో గోడ క్యాలెండర్ మీద ఇవాళే రాసిపెట్టండి. రక్త పరీక్షలు డాక్టరుగారు చెప్పిన గడువుకు తప్పకుండా చేయించండి.