విమానం సంగతి తర్వాత, ముందు ఇంజన్ రాయి

అమ్మాయీ,

వ్యాసం చదివాను. నీ తెలుగు బాగుంది. ఇంకేం మెచ్చుకోను, ఎందుకంటే ఇండిగో ఆర్డర్ మీద అన్ని పేజీలు రాసి, ఆఖర్న "ఇంజన్ల ఎంపిక తర్వాత జరుగుతుంది" అని ఒక్క ముక్క అనేసి సంతకం పెట్టేశావు. నాకు కోపం వచ్చింది అక్కడే. నీ వ్యాసం మొదలు కావలసిన చోట ఆగిపోయింది.

2023 జూన్‌లో పారిస్ ఎయిర్ షోలో ఇండిగో ఎయిర్‌బస్ ఏ320నియో కుటుంబం (నియో అంటే కొత్త ఇంజన్ల రకం) విమానాలు 500 ఒకేసారి ఆర్డర్ ఇచ్చింది. దాన్ని నువ్వు "ఐదు వేల కోట్ల డాలర్ల కొనుగోలు" అన్నావు. అది జాబితా ధర లెక్క. ఆ ధరకు అంత పెద్ద సంస్థ ఏదీ కొనదు. ఎయిర్‌బస్ అయితే 2018 తర్వాత ఆ జాబితా ప్రకటించడమే మానేసింది. పోనీ 500 అన్న అంకైనా రాతిమీద గీతా? ఎమిరేట్స్‌ను చూడు. 2019 ఫిబ్రవరిలో 39 ఏ380లు వద్దనుకుని, వాటి బదులు 40 ఏ330నియోలు, 30 ఏ350లు తీసుకుంటామంది. ఆ దెబ్బకు ఏ380 తయారీకే తెర పడింది. అదే ఏడాది నవంబరు వచ్చేసరికి ఏ330లు కూడా వదిలేసి 50 ఏ350లకు మారింది. ఆర్డర్ అంకె పట్టుకుని విమాన సంస్థ గురించి రాయడమంటే శుభలేఖ చూసి కాపురం గురించి రాయడమే. కాపురం చేయాల్సింది ఇంజన్‌తో.

పైగా ఇంజన్ ఎంచుకునే వీలు అన్ని విమానాలకూ ఉండదు. ఏ350 కొంటే రోల్స్ రాయిస్ ట్రెంట్ ఎక్స్‌డబ్ల్యూబీయే. బోయింగ్ 737 మ్యాక్స్ కొంటే సీఎఫ్ఎం కంపెనీ లీప్ ఇంజన్ ఒక్కటే. ఇవాళ అమ్ముడవుతున్న పెద్ద రకాల్లో రెండింటిలో ఒకటి కోరుకునే అవకాశం ఏ320నియో, బోయింగ్ 787 కొనేవాళ్లకే మిగిలింది. అంటే నువ్వు రాసిన ఆర్డర్‌లోనే ఆ నిర్ణయం కూర్చుని ఉంది. నువ్వు దాన్ని దాటుకుని వెళ్లిపోయావు.

నియోకు రెండు దారులు. ప్రాట్ అండ్ విట్నీ వాళ్లు ముందుండే ఫ్యాన్‌కూ వెనకుండే టర్బైన్‌కూ మధ్య గేర్ పెట్టారు. ఫ్యాన్ నెమ్మదిగా తిరిగితే మేలు, టర్బైన్ వేగంగా తిరిగితే మేలు. గేర్‌తో ఇద్దరి కోరికా తీరుతుంది. సీఎఫ్ఎం వాళ్లు తమ లీప్‌లో గేర్ జోలికి పోకుండా, లోపల ఎక్కువ వేడి తట్టుకునే సిరామిక్ మిశ్రమ భాగాలు వాడారు. ఆ గేర్ అరిగిపోతుందేమోనని అప్పట్లో అందరికీ భయం. గేర్ మాత్రం నిలబడింది. ఇబ్బందులన్నీ ఎవరూ చూడని చోట్ల నుంచి వచ్చాయి. మొదట, ఆగిన ఇంజన్ లోపల రోటర్ కాస్త వంగడంతో స్టార్ట్ చేయడానికి నిమిషాలు పట్టేది. మొదటి విమానం అందుకోవాల్సిన ఖతార్ ఎయిర్‌వేస్ వద్దంటే, 2016 జనవరిలో అది లుఫ్తాన్సాకు వెళ్లింది. తర్వాత ఇంజన్ లోపలి సీల్ గొడవ. 2018 మార్చిలో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 11 నియోలను నేలమీద నిలబెట్టింది, ఎనిమిది ఇండిగోవి, మూడు గోఎయిర్‌వి (తర్వాత గో ఫస్ట్‌గా పేరు మార్చుకున్న సంస్థ). తర్వాత టర్బైన్ బ్లేడ్లు. 2019 నవంబరులో ఇండిగో 97 విమానాలకు ఇంజన్లు మార్చాలని ఆదేశం. ఇక 2023 జూలైలో బయటపడింది అసలు పిడుగు: ఇంజన్ లోపల తిరిగే డిస్కులు చేసే లోహపు పొడిలో మలినాలు. ఒక్కో ఇంజన్ దింపి, తనిఖీ చేసి, మళ్లీ బిగించడానికి 300 రోజుల దాకా పడుతుందని కంపెనీయే చెప్పింది.

ఇండిగో 2019లోనే 280 విమానాలకు లీప్ వైపు తిరిగింది. ఆ ముందుచూపు ఉన్నా, డిస్కుల గొడవలో దాని విమానాలు డెబ్బైకి పైగా నేలమీదే ఉండిపోయాయి. గో ఫస్ట్‌కు రెండో దారి లేదు, నియోలన్నీ ప్రాట్ ఇంజన్లవే. సగం విమానాలు ఆగిపోయి 2023 మే 2న దివాలా పిటిషన్ వేసింది. మరుసటి రోజు నుంచి ఎగరలేదు. అప్పుడు జీతాల్లేక రోడ్డున పడ్డవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. దీన్ని "సాంకేతిక వివరం" అంటారా ఎవరైనా?

అన్నారు. నేను కుర్రాడిగా ఒక పత్రికలో చేరిన కొత్తలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ320లు తెచ్చింది, వీ2500 ఇంజన్లతో. బేగంపేట దగ్గర టీ బంకులో మెకానిక్‌ల మధ్య సాయంత్రాలు గడిపి, ఆ ఇంజన్ ఎందుకు ఎంచుకున్నారో, మన రన్‌వేల కోసం ఒక్కో వైపు నాలుగేసి చక్రాలు ఎందుకు పెట్టించారో రాసుకొచ్చాను. ఎడిటరు ఎర్రపెన్నుతో అదంతా కొట్టేసి, "పాఠకుడికి మోటార్లు ఎందుకయ్యా" అన్నాడు. ఆ చోట మంత్రిగారి ఫొటో వేశారు. నాకు ఇప్పటికీ మండుతుంది. ఈనాటి ఎడిటర్లూ అంతే, కాకపోతే ఫొటోలో మంత్రి చేతిలో బొమ్మ విమానం ఉంటుంది, శీర్షికలో "గేమ్ ఛేంజర్" ఉంటుంది. కంపెనీ పంపిన నోటును తెలుగు చేసి పేరు పెట్టుకునే ఫ్యాషన్ నీకు అంటకూడదని నా ఆరాటం.

నీ వ్యాసంలో నన్ను కదిలించిన వాక్యం ఒకటుంది. ఢిల్లీలో బస్సు కిటికీలోంచి, ఇంజన్లుండాల్సిన చోట బరువు దిమ్మెలు వేలాడుతున్న విమానాలు చూశానని రాశావు. అంత చూసి, ఎందుకు వేలాడదీశారో అడగకుండా ఎలా ఉండగలిగావమ్మా? ఆ బరువు లేకపోతే విమానం నిలకడ తప్పుతుంది. ఆ వాక్యం మొదటి పేరాలో ఉండాలి.

లీప్‌ను నెత్తిన పెట్టుకొమ్మనీ అనడం లేదు. వేడి, దుమ్ము ఉన్న దేశాల్లో దానికీ బ్లేడ్లు త్వరగా అరిగాయి; మార్చిన బ్లేడుకు 2024 డిసెంబరులో గాని అనుమతి రాలేదు. ఎయిర్ ఇండియా 2023లో కొన్న 210 నియోలకూ 190 మ్యాక్స్‌లకూ కలిపి 800 లీప్‌లు కావాలి. ఆ లెక్క చేసి చూపిస్తే పాఠకుడు తప్పక చదువుతాడు.

ఎవరికి పంపాలి, ఎంత ఇస్తారు అని అడిగావు. ఇంకోసారి మాట్లాడుకుందాం. ముందు శంషాబాద్ వెళ్లు. జీఎంఆర్ ఏరోస్పేస్ పార్కులో ఫ్రెంచ్ కంపెనీ శాఫ్రాన్ వాళ్ల లీప్ మరమ్మతు కేంద్రానికి 2025 నవంబరు 26న ప్రారంభోత్సవం జరిగింది. ఏడాదికి 300 ఇంజన్లు బాగుచేసే సామర్థ్యం దాకా పెంచుతామంటున్నారు. పీఆర్ఓతో మొదలుపెట్టకు. షిఫ్ట్ దిగి వచ్చే టెక్నీషియన్లను అడుగు: ఇంజన్ రెక్క మీద ఎన్ని సైకిళ్లు (ఒకసారి ఎగిరి దిగితే ఒక సైకిల్) తిరిగాక వస్తోంది, ఏ భాగం కోసం ఎక్కువ రోజులు ఎదురుచూస్తున్నారు, అది వచ్చేదాకా స్పేర్ ఇంజన్ ఎవరిస్తున్నారు. ఈ మూడింటికీ జవాబులు తెచ్చుకున్నాక నాకు ఫోన్ చెయ్యి.