దయ ఎలా అలవాటవుతుంది? బరంపురం ఆసుపత్రిలో నేను చూసినది

దైనందిన జీవితంలో దయను అలవాటు చేసుకోవడం ఎలా, చుట్టుపక్కల వారికీ దాన్ని అలవాటు చేయడం ఎలా అని మీరు అడిగారు. నేను ఒడిశాలోని బరంపురంలో స్థిరపడిన తెలుగువాడిని కనుక ఇక్కడి అనుభవం నుంచే చెప్పగలను. అవతలివారి పని పూర్తయ్యేదాకా పక్కన ఉండటమే దయ అని నా నమ్మకం. దారి చూపించి వెళ్లిపోతే అందులో సగమే చేసినట్టు.

1962లో ఏర్పడిన ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి దక్షిణ ఒడిశా వారే కాక, ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి తెలుగువారు కూడా వస్తారు. వారికి విశాఖపట్నం కంటే బరంపురమే చాలా దగ్గర. గజపతి జిల్లా కొండల నుంచి సవర గిరిజనులు వస్తారు. ఒడియా చదవడం రాని రైతుకు, ఒడియా, తెలుగు రెండూ అంతంతమాత్రంగా వచ్చిన సవర తల్లికి, ఓపీ చీటీ ఎక్కడ రాయించుకోవాలో, రక్తపరీక్షకు ఏ గదికి వెళ్లాలో తెలియకపోవడం జబ్బుకు తోడు మరో బాధ అవుతుంది. వీలు దొరికిన ఉదయాల్లో నేను అక్కడికి వెళ్లి అలాంటివారి వెంట ఉంటాను.

ముందు అడగాలి. "అమ్మా, చీటీ నేను చదివి పెట్టనా?" అని అడిగి, ఆమె సరేనన్నాకే చీటీ అందుకోవాలి, అందులోని రోగం పేరును వరుసలో అందరూ వినేలా చదవకూడదు. మందులు తీసుకున్న తరువాత, ఉదయం వేసుకోవలసిన వాటి కవరు మీద సూర్యుడిని, రాత్రి వాటి మీద చంద్రుడిని గీసి ఇచ్చి, ఏది ఎప్పుడు వేసుకోవాలో వారి నోటనే ఒకసారి చెప్పించుకుంటాను, ఎందుకంటే తల ఊపినంత మాత్రాన అర్థమైనట్టు కాదు. సందేహం వస్తే సొంత ఊహ చెప్పకుండా మందులిచ్చిన వారి దగ్గరికే మళ్లీ తీసుకువెళ్లాలి, ఎంత ఆలస్యమైనా సరే.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల భాష నేర్చుకొని, వారి పిల్లల చదువుకోసం పాటుపడి, ఆ భాషకు వ్యాకరణం రాశారు. అది 1931లో అచ్చయింది. అంతటి పాండిత్యం మనకు అక్కర్లేదు. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్లుగా, ఏమైనా తిన్నారా అని అడగడానికి సరిపడే సవర మాటలు నేర్చుకున్నాక, అంతకుముందు నన్ను చూసి వెనక్కి జరిగినవారే పక్కకు వచ్చి కూర్చోవడం చూశాను.

ఇక ఇతరులకు అలవాటు చేయడం గురించి. ఉపన్యాసాల వల్ల అది జరగదని నా అభిప్రాయం. పని అయ్యాక ఎవరైనా డబ్బు ఇవ్వబోతే, "మళ్లీ వచ్చినప్పుడు కొత్తవారిని ఒకరిని ఆ గదిదాకా తీసుకువెళ్లండి" అని కోరుతాను, చాలామంది ఆ మాట నిలబెట్టుకుంటారు కూడా. ఒకసారి ఆ వరుసలన్నీ తిరిగిన మనిషికి తెలిసినంత బాగా మరెవరికీ దారి తెలియదు. మా వీధిలో ఒడియా, తెలుగు రెండూ వచ్చిన కాలేజీ పిల్లలను కూడా వెంట తీసుకువెళ్లాను. ఫోటోలు తీయవద్దన్నది ఒక్కటే షరతు.

మీకు ఆసుపత్రి అందుబాటులో లేకపోతే, బ్యాంకులోనో తహసీల్దారు కార్యాలయంలోనో ఫారం చేతపట్టుకొని దిక్కులు చూసేవారు తప్పక కనిపిస్తారు. వారి అనుమతితో ఫారం నింపండి. సంతకమో వేలిముద్రో పెట్టే ముందు, రాసినదంతా వారి భాషలో చదివి వినిపించండి.