రాయితీ గడువు తరుముతుంటే కారు కొనవచ్చా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఇద్దరం ఉద్యోగులం, ఇద్దరు పిల్లలు. మా పెట్రోలు కారుకు తొమ్మిదేళ్లు. దాని అప్పు ఎప్పుడో తీరిపోయింది, బండి బాగానే నడుస్తోంది. ఎలక్ట్రిక్ కారుపై ప్రభుత్వ రాయితీ రెండు నెలల్లో ముగుస్తుందని, ఈలోగా తీసుకోమని డీలరు తొందర పెడుతున్నాడు. ముందుగా కట్టాల్సిన సొమ్ము కోసం, అత్యవసరాలకని దాచిన ఆరు నెలల ఖర్చుల డిపాజిట్‌ను తీయాలి. మిగతాది ఏడేళ్ల రుణం. రోజుకు 30 కిలోమీటర్లు తిరుగుతాం. ఉండేది అపార్ట్‌మెంట్‌లో. తీసుకోమంటారా?

జవాబు: ఇప్పుడు వద్దు. ఎలక్ట్రిక్ కార్లంటే నాకేమీ చిన్నచూపు లేదు. కానీ మీ ఉత్తరంలో కారు అవసరమేమిటో ఒక్క వాక్యం కూడా కనిపించలేదు. ఉన్నదంతా గడువు గురించిన కంగారే.

రాయితీ అంటే ప్రభుత్వ బడ్జెట్‌లో ఒక పద్దు. దాన్ని రాసిన కలంతోనే కొట్టేయవచ్చు. జర్మనీలో 2024 చివరిదాకా ఉంటుందని అందరూ అనుకున్న రాయితీ 2023 డిసెంబరు 17తో ఆగిపోయింది. ఆ సంగతి ప్రకటించింది ముందు రోజు, అదీ శనివారం నాడు! వాతావరణ నిధికి మళ్లించిన 6,000 కోట్ల యూరోలు చెల్లవని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం నవంబరులో తీర్పు చెప్పడంతో ఖజానాకు చిల్లు పడింది. కారు రిజిస్టరయ్యాకే రాయితీకి దరఖాస్తు చేసుకోవాలన్నది నిబంధన. ఆర్డరిచ్చి కారు కోసం ఎదురుచూస్తున్నవాళ్ల లెక్కలన్నీ రాత్రికి రాత్రే తారుమారయ్యాయి. కొన్ని కంపెనీలు ఆ లోటును తామే భరించాయనుకోండి, అది కొన్నవాళ్ల అదృష్టం. మరుసటి ఏడాది అక్కడ కొత్త ఎలక్ట్రిక్ కార్ల రిజిస్ట్రేషన్లు 27 శాతం పడిపోయాయి.

ప్రభుత్వాలు మారినప్పుడూ ఇదే తంతు. న్యూజిలాండ్‌లో 2023 ఎన్నికల్లో అధికారం చేతులు మారింది, ఆ ఏడాది చివరికల్లా రాయితీ పోయింది. అమెరికాలో 2032 దాకా ఉండాల్సిన 7,500 డాలర్ల పన్ను మినహాయింపు 2025 సెప్టెంబరు 30తో ముగిసింది. అందుకే మీ డీలరును ఒకటి అడగండి: రాయితీకి లెక్కలోకి వచ్చేది బుకింగ్ తేదీనా, రిజిస్ట్రేషన్ తేదీనా? నోటిమాట చాలదు, నిబంధన కాగితం చూపించమనండి.

గడువు దాటితే కారు అందకుండా పోతుందనే భయం కూడా సగమే నిజం. 2010తో పోలిస్తే బ్యాటరీ ధర దాదాపు 90 శాతం తగ్గింది. 2023 జనవరిలో టెస్లా అమెరికాలో కొన్ని మోడళ్ల ధరను 20 శాతం దాకా కోసేసింది. కొత్తవాళ్లకు పండగే, కానీ అంతకు కొద్ది వారాల ముందు కొన్నవాళ్ల కార్ల విలువ కూర్చున్నచోటే కరిగిపోయింది. లక్ష టెస్లా కార్లు కొంటామని 2021లో ప్రకటించిన అద్దె కార్ల సంస్థ హెర్ట్జ్, 2024 జనవరిలో 20,000 ఎలక్ట్రిక్ కార్లను అమ్మకానికి పెట్టి, తరుగుదల కింద సుమారు 24.5 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. ఇలాంటి వస్తువు మీద ఏడేళ్ల అప్పంటే నాకు గుబులు. నాలుగో ఏట ఏ కారణంగానో అమ్మాల్సి వస్తే, వచ్చిన సొమ్ము మిగిలిన అప్పుకు సరిపోకపోవచ్చు.

ఇక ఇంధనం లెక్క. మీ తిరుగుడు ఏడాదికి సుమారు 11,000 కిలోమీటర్లు. మామూలు పెట్రోలు కారుకు దాదాపు 700 లీటర్లు పడుతుంది. అదే దూరానికి ఎలక్ట్రిక్ కారుకు, ఛార్జింగ్‌లో వృథా అయ్యేదానితో కలిపి, 2,000 యూనిట్ల దాకా కావాలి. మీ ఊరి ధరలతో రెండింటినీ గుణించి చూడండి. ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకునే వీలుంటే తేడా బాగానే ఉంటుంది. బయటి ఫాస్ట్ ఛార్జర్ల మీదే ఆధారపడితే అందులో చాలా భాగం హరించుకుపోతుంది. వచ్చిన మిగులును రుణంపై వడ్డీతో, కొత్త కారు బీమాతో పోల్చండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. కొత్త ఎలక్ట్రిక్ కారును కొత్త పెట్రోలు కారుతో పోలుస్తారు. మీ విషయంలో పోటీ అప్పు తీరిపోయిన పాత కారుతో. రోజుకు 30 కిలోమీటర్లకు ఆ పాత బండిని ఓడించడం కష్టం. వంద కిలోమీటర్లు తిరిగేవారైతే నా జవాబు వేరుగా ఉండేది.

ఆ మిగులు కూడా శాశ్వతమని అనుకోకండి. పెట్రోలు మీద వచ్చే పన్ను తగ్గేకొద్దీ ప్రభుత్వాలు రోడ్ల ఖర్చును మరో దారిలో రాబడతాయి. ఎలక్ట్రిక్ కార్ల మీద ఐస్‌లాండ్ 2024 జనవరి నుంచి, న్యూజిలాండ్ అదే ఏడాది ఏప్రిల్ నుంచి కిలోమీటర్ల లెక్కన రుసుము వసూలు చేస్తున్నాయి. ఏళ్ల తరబడి ఈ కార్లకు విలువ ఆధారిత పన్ను పూర్తిగా మాఫీ చేసిన నార్వే సైతం 2023 నుంచి ఖరీదైన వాటిపై కొంత వడ్డించడం మొదలుపెట్టింది. నాకు ఇందులో తప్పేమీ కనిపించదు, రోడ్డు అందరిదీ. మీ ఏడేళ్ల లెక్కలో మాత్రం దీనికీ కొంత చోటివ్వండి.

డిపాజిట్‌ను ముట్టుకోకండి. రుణం తీసుకుంటే కట్టాల్సిన నెల వాయిదా ఎంతో, అంత సొమ్మును వచ్చే నెల నుంచే వేరే ఖాతాలో వేస్తూ పోండి. ఏడాదిపాటు ఇబ్బంది లేకుండా వేయగలిగితే ఆ వాయిదాను మోయగలరని తేలుతుంది, ముందుగా కట్టాల్సిన సొమ్మూ చాలావరకు పోగవుతుంది. ఈలోగా మీ పార్కింగ్ దగ్గర ఛార్జింగ్ పాయింటుకు అపార్ట్‌మెంట్ సంఘం నుంచి రాతపూర్వక అనుమతి సంపాదించండి. విడి మీటరు ఎవరి పేరున, లైను ఖర్చు ఎవరిది అన్నవి కూడా అప్పుడే తేల్చుకోండి. ఇవేవీ కాకుండానే కారు రంగు ఎంచుకోవడం ఆలు లేదు చూలు లేదు అన్న సామెతలాగే ఉంటుంది.

ఆ సమయానికి రెండు మూడేళ్లు నడిచిన ఎలక్ట్రిక్ కార్లనూ చూడండి. మొదటి యజమాని తరుగుదలను తన జేబులోంచి కట్టేసి ఉంటాడు. చాలా కంపెనీలు బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు హామీ ఇస్తాయి. సామర్థ్యం 70 శాతం కన్నా తగ్గితే వర్తిస్తుంది. అది రెండో యజమానికి బదిలీ అవుతుందో లేదో కనుక్కుని, బ్యాటరీ పరీక్ష నివేదిక అడిగి తీసుకోండి.

సంఘం అనుమతి చేతికొచ్చాక, ఆ ఖాతాలో పోగైన మొత్తంతో మళ్లీ రాయండి. ఏ కారు, ఎన్నేళ్ల రుణం అన్నది అప్పుడు చూద్దాం.