ఫుట్‌బాల్ టీవీ హక్కుల డబ్బు అసలు ఎవరి జేబులోంచి వస్తుంది?

మీరు అడిగింది రెండు సంగతులు. ఇంగ్లాండ్‌లో అట్టడుగున నిలిచిన క్లబ్‌కి కూడా టీవీ డబ్బు కోట్లలో ఎందుకొస్తుంది, మన ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్‌కి (ఇండియన్ సూపర్ లీగ్) ఎందుకు రాదు అని. నేను అనంతపురంలో చాలా ఏళ్లు కేబుల్ కనెక్షన్లు నడిపాను, అందుకని నెల బిల్లు వైపు నుంచి చెప్తాను.

క్రికెట్‌లో ఓవర్ అయితే ప్రకటన, వికెట్ పడితే ఇంకో ప్రకటన. ఫుట్‌బాల్ 45 నిమిషాలు ఆగదు, హాఫ్‌టైమ్‌లో ఎన్ని ఇరికిస్తారు? అందుకే ఐరోపాలో ఫుట్‌బాల్ చూపించే చానళ్లకు ముఖ్యమైన ఆదాయం చందానే. నెలనెలా చందా కట్టించాలంటే వారం వారం చూడ్డానికి మ్యాచ్ ఉండాలి. మా ఊళ్లో ఆర్‌డీటీ గ్రౌండ్‌కి వెళ్లి ఆడే పిల్లలున్న ఇళ్లవాళ్లు ఆగస్టులో సీజన్ మొదలవగానే "అన్నా, స్పోర్ట్స్ చానల్ వెయ్యి" అని ఫోన్ చేసేవాళ్లు, మే నెల దాటగానే తీసెయ్యమనేవాళ్లు. స్పెయిన్‌లో రెండు పెద్ద క్లబ్‌లు బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ లీగ్‌లో తలపడేది ఏడాదికి రెండుసార్లే. మిగతా నెలలన్నీ చందా నిలబెట్టేది చిన్న క్లబ్‌లతో జరిగే మ్యాచ్‌లే.

20 క్లబ్‌ల లీగ్‌లో 380 మ్యాచ్‌లు, ఒక క్లబ్ సొంతంగా అమ్ముకోగలిగేది సొంతగడ్డ మీద ఆడే 19 మాత్రమే. స్పెయిన్‌లో 2015 దాకా ఎవరికి వారే అమ్ముకున్నారు, ఆ రెండు పెద్ద క్లబ్‌లకు చెరో 14 కోట్ల యూరోల దాకా వస్తుంటే అడుగునున్న వాటికి 2 కోట్లు కూడా దాటేది కాదు. ఆ ఏడాది ప్రభుత్వమే చట్టం తెచ్చి ఉమ్మడిగా అమ్మించింది. మొదటి డివిజన్ వాటాలో సగం అందరికీ సమానం, పావు వంతు గత ఐదేళ్ల ఫలితాలను బట్టి, మిగతా పావు ప్రేక్షకాదరణను బట్టి. ఇంగ్లాండ్ ప్రీమియర్ లీగ్‌లో ఈ ఉమ్మడి అమ్మకం 1992 నుంచే ఉంది. 2015-16లో లీసెస్టర్ టైటిల్ గెలిచి సుమారు 9.3 కోట్ల పౌండ్లు తీసుకుంటే, చిట్టచివర వచ్చిన ఆస్టన్ విల్లాకు 6.6 కోట్లకు పైనే అందాయి. అందరికంటే ఎక్కువ ఆర్సెనల్‌కి, ఎందుకంటే వాళ్ల మ్యాచ్‌లు లైవ్‌లో ఎక్కువ వేశారు. నాకైతే ఇది న్యాయమైన పంపకమే అనిపిస్తుంది, ఎదురుగా ఆడేవాడు లేకపోతే ఎంత పెద్ద క్లబ్‌కైనా అమ్మడానికి ఏముంది!

చందా రాకపోతే ఏమవుతుందో ఫ్రాన్స్‌లో చూశాం. మీడియాప్రో అనే సంస్థ ఏడాదికి సుమారు 80 కోట్ల యూరోలు ఇస్తానని అక్కడి లీగ్ హక్కులు కొని, నెలకు పాతిక యూరోలకు చానల్ పెట్టింది, జనం చేరలేదు, 2020 అక్టోబరు వాయిదానే కట్టలేకపోయింది, డిసెంబరుకల్లా ఒప్పందం రద్దయింది. క్లబ్‌లు ఆ డబ్బు వస్తుందని ముందే జీతాలు ఒప్పుకుని ఉన్నాయి, పాపం.

ఇక మన సంగతి. 2019లో వచ్చిన ట్రాయ్ (టెలికాం, టీవీ నియంత్రణ సంస్థ) ధరల విధానంలో నెలకు 19 రూపాయలు దాటిన చానల్‌ని బొకేలో, అంటే చానళ్ల ప్యాకేజీలో, పెట్టకూడదు, బొకేలో లేని చానల్‌ని ఇక్కడ కొనేవాళ్లు బాగా తక్కువ. కాబట్టి పెద్ద స్పోర్ట్స్ చానళ్లు 19 దగ్గరే ఆగాయి. ఆ 19 కూడా బరువే. రాంనగర్‌లో కలెక్షన్‌కి వెళ్తే ఒకావిడ బిల్లు మీద వేలు పెట్టి "ఈ స్పోర్ట్స్ ఎందుకన్నా, సీరియళ్లు వస్తే చాలు, తీసెయ్" అనేది, లోపలి నుంచి కొడుకు "అమ్మా, తీయొద్దు" అని అరిచేవాడు. చివరికి అమ్మ మాటే నెగ్గేది.

ఇక్కడ చందా ఇంతే, ఫుట్‌బాల్‌లో ప్రకటనలకు చోటు అంతే, ఇంక డబ్బెక్కడిది? ఐపీఎల్ 2023-27 హక్కులు 48,390 కోట్లకు పోయాయి, భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2010లో తన వాణిజ్య హక్కులన్నీ కలిపి 15 ఏళ్లకు 700 కోట్లకు ఇచ్చేసింది. ఐఎస్‌ఎల్ నడిచింది ఆ ఒప్పందం మీదే, దాని గడువు ముగిసే ముందు కొత్తది కుదరక 2025 జులైలో ఐఎస్‌ఎల్ సీజన్‌నే ఆపాల్సి వచ్చింది. నన్నడిగితే దేశమంతటికీ ఒకే హక్కుగా అమ్మడం మానేసి, కేరళకు మలయాళంలో, బెంగాల్‌కు బెంగాలీలో లీగ్ తరఫునే విడివిడిగా వేలం పెట్టాలి, ఎందుకంటే ఫుట్‌బాల్ కోసం చందా కట్టే ఇళ్లు అక్కడున్నాయి.