కుబుసం ముక్కలుగా ఊడుతోంది.. పాముకు జబ్బు చేసిందా?

ప్రశ్న: మేము అమెరికాలోని డాలస్‌లో ఉంటాం. పదమూడేళ్ల మా అబ్బాయి ఏడాదిగా బాల్ పైథాన్‌ను (ఒక చిన్న జాతి కొండచిలువ) పెంచుతున్నాడు. గాజు ట్యాంకు, పైన జాలీ మూత, వేడికి బల్బు, అడుగున ఆస్పెన్ చెక్క తురుము. ఈ చలికాలంలో కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడింది. ఒక కంటి మీద పొర, తోక కొసన ఉంగరంలా కొంత చర్మం మిగిలిపోయాయి. తేమ చాలలేదేమోనని రోజుకు నాలుగైదుసార్లు నీళ్లు స్ప్రే చేస్తున్నాం. ఇప్పుడు తురుము బూజు వాసన వస్తోంది. గాజుకు అంటించిన, తేమ కొలిచే ముల్లు మీటరేమో 50 శాతం దగ్గరే ఉంటోంది. డెబ్బై ఏళ్ల మా అత్తగారు పాము చర్మానికి కొబ్బరినూనె రాయమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా, ఆ కంటి పొర జోలికి ఎవరూ వెళ్లకండి. పాముకు కనురెప్పలు ఉండవు. కంటిని కప్పుతూ అద్దం లాంటి పొలుసు ఒకటి ఉంటుంది. కుబుసం విడిచినప్పుడల్లా దాని పై పొర కూడా ఊడిపోవాలి. మిగిలిన పొరను గోటితోనో పట్టకారుతోనో లాగితే కింది పొలుసు దెబ్బతిని కన్నే పోవచ్చు. ట్యాంకులో తేమ సరిపడా ఉంటే చాలాసార్లు తర్వాతి కుబుసంతో అదే పోతుంది.

తోక సంగతి అలా వదిలేయడానికి లేదు. ఆ ఉంగరం ఎండి బిగుసుకుంటే రక్తం అందక కొస నల్లబడి చచ్చుబడుతుంది. గాలి రంధ్రాలున్న డబ్బాలో గోరువెచ్చని నీటితో తడిపి పిండిన తువ్వాలు వేసి, పామును ఇరవై, ముప్పై నిమిషాలు అందులో తిరగనివ్వండి. పెద్దవాళ్లు ఒకరు పక్కనే ఉండాలి. తర్వాత తడి గుడ్డతో తోకను పట్టుకుని కొస వైపు మెల్లగా జరపండి. రాకపోతే మరునాడు మళ్లీ ప్రయత్నించండి, బలవంతం మాత్రం వద్దు. ఈలోగా కొస రంగు మారినా, రెండు మూడు ప్రయత్నాలకు ఉంగరం కదలకపోయినా వైద్యుడికి చూపించాలి. కొబ్బరినూనె వద్దని అత్తగారికి నా మాటగా చెప్పండి. నూనె వల్ల తేమ రాదు, పైగా ఆ జిడ్డుకు తురుము, దుమ్ము అంటుకుంటాయి.

మీరు రాసినదాన్ని బట్టి ఇది జబ్బులా కనిపించడం లేదు. లోపం ట్యాంకు అడుగున ఉంది. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డిభూముల జీవి. పగలంతా ఎలుక బొరియల్లోనో చెదపుట్టల్లోనో గడుపుతుంది. బయట గాలి పొడిగా ఉన్నా బొరియలో మట్టి తేమ నిలిచి ఉంటుంది. అంటే దానికి కావలసిన తేమ కింది నుంచి రావాలి. మీ ట్యాంకులో ఇది తలకిందులైంది. స్ప్రే చేసిన నీరు పైపైన తడిపి, బల్బు వేడికి ఆవిరై జాలీ గుండా పోతోంది. చలికాలంలో బయటి చల్లగాలిని హీటర్ వేడి చేసినప్పుడు దాని సాపేక్ష ఆర్ద్రత ఇంకా పడిపోతుంది. ఎంత స్ప్రే చేసినా గాలి పొడిగానే ఉంటుంది, నేల మాత్రం చిత్తడిగా తయారవుతుంది. పాముకు ఈ రెండూ చెరుపే.

ఆస్పెన్ తురుము చెడ్డదేమీ కాదు. కార్న్ స్నేక్, కింగ్ స్నేక్ లాంటి పొడి నేల పాములకు బాగా పనికివస్తుంది. తడిస్తే బూజు పట్టడం దాని గుణం. మొత్తం తీసి పారేసి, ట్యాంకు కడిగి ఆరబెట్టండి. బదులుగా కొబ్బరి డొక్క ముక్కలు, కొబ్బరి పొట్టు కలిపి వేయండి. వట్టి పొట్టు అయితే ఎండినప్పుడు దుమ్ము రేగుతుంది, అందుకే ముక్కలు కలపమంటున్నాను. పొట్టు ఇటుకల రూపంలో దొరుకుతుంది. తోటల దుకాణంలో కొంటే ఎరువు కలపనిదో కాదో చూసుకోండి. సైప్రస్ చెట్టు బెరడు తునకలు కూడా బాగుంటాయి. దేవదారు, పైన్ తురుము ఇంట్లోకే రానివ్వకండి, వాటి ఘాటు నూనెల ఆవిర్లు పాముల ఊపిరితిత్తులకు పడవు.

మందం దగ్గరే చాలామంది పిసినారితనం చేస్తారు. అంగుళం మందాన పరిస్తే ఏ పదార్థమైనా ఒక్క రోజులో ఎండిపోతుంది. కనీసం నాలుగు అంగుళాలు ఉండాలి. నీళ్లు పైన చల్లకుండా ట్యాంకు మూలల్లో నెమ్మదిగా పోస్తే అడుగుకు దిగుతాయి. పై పొర పొడిగా, కింది పొర చెమ్మగా ఉండాలి. కింది నుంచి పిడికెడు తీసి పిండితే ముద్ద కట్టాలి, నీటి చుక్క కారకూడదు. మళ్లీ ఎన్నాళ్లకు పోయాలో ఆ పిడికెడే చెబుతుంది, క్యాలెండర్ పెట్టుకోనక్కరలేదు.

జాలీ మూతలో ఎక్కువ భాగాన్ని అక్రిలిక్ పలకతో కప్పండి. బల్బు దగ్గర మాత్రం వద్దు, కరిగిపోతుంది, నిప్పు ప్రమాదం కూడా. గాలి ఆడటానికి కొంత జాలీ తెరిచే ఉంచండి.

ముల్లు మీటర్లను నేను నమ్మను. వైరు కొసన సెన్సర్ ఉండే డిజిటల్ హైగ్రోమీటర్ (తేమ మీటరు) కొని, ఆ కొసను బల్బుకు దూరంగా ఉండే చల్లటి వైపు, పాము తిరిగే ఎత్తులో పెట్టండి. మామూలు రోజుల్లో 60 నుంచి 80 శాతం మధ్య, కళ్లు నీలంగా మసకబారి కుబుసానికి సిద్ధమైనప్పుడు 80కి దగ్గరగా ఉండాలి. వెచ్చటి వైపు పాము పడుకునే చోట 90 డిగ్రీల ఫారన్‌హీట్, చల్లటి వైపు 76 నుంచి 80 చాలు. బల్బుకు వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకపోతే ఈ వారమే పెట్టించండి. తేమ ఉండి వేడి లేని ట్యాంకు పొడి ట్యాంకు కన్నా ప్రమాదం. తడిపి పిండిన స్ఫాగ్నమ్ నాచుతో నింపిన మూత డబ్బాకు పాము దూరేంత రంధ్రం చేసి లోపల పెడితే, కావాలనుకున్నప్పుడు అదే వెళ్లి పడుకుంటుంది.

ఇన్నాళ్లూ తడి తురుము మీద పడుకుంది కాబట్టి పొట్ట పొలుసులు ఒకసారి చూడండి. ఎరుపు, గోధుమరంగు మచ్చలు, నీటి బొబ్బలు ఉంటే అది స్కేల్ రాట్, అంటే పొలుసులు కుళ్లే జబ్బు. అడుగున కొత్త పొట్టు వేయకుండా పేపర్ టవల్స్ మీద ఉంచి వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. ఊపిరి తీసినప్పుడు ఈల చప్పుడు, నోట్లో నురగ, తల పైకెత్తి నోరు తెరిచి శ్వాసించడం కనిపిస్తే ఆలస్యం చేయకండి. ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ వేయకండి. సరీసృపాల మోతాదు మన లెక్కల్లో ఉండదు. రోజంతా నీళ్ల గిన్నెలోనే కూర్చుంటే పొలుసుల మధ్య నల్లటి చుక్కల్లాంటి మైట్స్ (రక్తం పీల్చే చిన్న పురుగులు) ఉన్నాయేమో వెతకండి. కుబుసం సరిగా ఊడకపోవడానికి అవీ ఒక కారణం.

పాము ఆరోగ్యంగా కనిపించినా దాని ఒంట్లో మనుషులకు విరేచనాలు, జ్వరం తెప్పించే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ మీ అబ్బాయి సబ్బుతో చేతులు కడుక్కోవాలి. నీటి గిన్నెను వంటింటి సింకులో కడగకూడదు. అరవై అయిదు దాటినవారు, అయిదేళ్లలోపు పిల్లలు పాములను ముట్టుకోకపోవడమే మంచిది కాబట్టి అత్తగారు సలహాలకే పరిమితం కావాలి.

ఇది చదివి ఉత్సాహపడే ఇక్కడి పాఠకులకు ఒక మాట. మన దేశపు పాములను ఇంట్లో పెంచడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. బాల్ పైథాన్ విదేశీ జీవి, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. దాన్ని ఉంచుకోవాలంటే కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి.

తర్వాతి కుబుసాన్ని పారేయకుండా నీళ్లలో నానబెట్టి పరచి చూడండి. తల భాగంలో రెండు కంటి పొరలూ, చివర తోక కొసా ఉన్నాయో లేదో తెలుస్తుంది. ఆ కంటి పొర రెండో కుబుసానికి కూడా పోకపోతే, ట్యాంకు ఫొటోలు, మీటరు అంకెలు వెంట తీసుకుని సరీసృపాలను చూసే పశువైద్యుడిని కలవండి.