మేనల్లుడికి, రెజ్యూమే గురించి

చిరంజీవి మేనల్లుడికి,

అత్త ఆశీస్సులు. నువ్వు పంపిన రెజ్యూమే నిన్న సాయంత్రం ఆఫీసు బస్సులో చదివాను. సిల్క్‌బోర్డు దగ్గర బస్సు ఎంతకీ కదల్లేదు, అందుకే రెండోసారి కూడా చదివాను. బాధేసిందిరా. రెండు పేజీల్లో ఎక్కడా నువ్వు కనబడలేదు. పైన నీ పేరు తీసేసి మీ క్లాసులో ఇంకెవరి పేరు పెట్టినా సరిపోతుంది. ఫోన్లో చెబితే "సరే అత్తా" అని వదిలేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

మొదటి పేరాలో ఏముంది? సవాళ్లున్న సంస్థలో చేరి, నైపుణ్యం పెంచుకుని, సంస్థ ఎదుగుదలకు తోడ్పడటం నీ లక్ష్యం అని. అది నువ్వు రాసింది కాదు. మీ సీనియర్ ఫైల్లోంచి వచ్చింది, అతనికి వాళ్ల సీనియర్ ఫైల్లోంచి వచ్చింది. పదిహేనేళ్లుగా ఈ బెంగళూరులో ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేస్తున్నాను, ఆ వాక్యం చూసి నేనెవరినీ పిలవలేదు. తీసెయ్. కింద డిక్లరేషన్, నాన్న పేరు, పుట్టిన తేదీ, హాబీలు కూడా తీసెయ్. అవి పాత బయోడేటా రోజుల అలవాట్లు. కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్ వాళ్లు తమ ఫార్మాట్‌లోనే కావాలంటే వాళ్లకిచ్చే కాపీలో ఉంచు, బయట పంపేదాంట్లో వద్దు. ఇవి పోతే ఒక్క పేజీలో సరిపోతుంది. మూడో సంవత్సరం పిల్లాడికి ఒక్క పేజీ చాలు.

ఇక ప్రాజెక్టు సంగతి. "ఐఓటీ ఆధారిత స్మార్ట్ ఇరిగేషన్ సిస్టమ్" అని రాసి వదిలేశావు. సెన్సర్లు, ఇంటర్నెట్‌తో పొలానికి నీళ్లు పెట్టే అలాంటి ప్రాజెక్టు పేరు ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ బ్రాంచి, వాళ్ల రెజ్యూమేల్లో నాకు ప్రతి సీజన్‌లోనూ కనిపిస్తుంది. కానీ ఉగాదికి ఇంటికొచ్చినప్పుడు నువ్వు నాకేం చెప్పావో గుర్తుందా? నేల తేమ సెన్సర్ పది రోజులకే తప్పుడు రీడింగులు ఇస్తోందని, తీసి చూస్తే తడి మట్టిలో గుచ్చిన ప్రోబ్‌లు తుప్పు పట్టాయని, వాటి గుండా ఎప్పుడూ కరెంటు ప్రవహిస్తుండటమే కారణమని తెలుసుకుని, రీడింగ్ తీసే క్షణంలో మాత్రమే కరెంటు ఇచ్చేలా కోడ్ మార్చావని చెప్పావు. భోజనం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చెప్పావు. ఆ పిల్లాడు కావాలి నాకు ఆ కాగితం మీద.

ఇలా రాయి: నలుగురి టీమ్‌లో సెన్సర్ భాగం నాది. ప్రోబ్‌లు తుప్పు పట్టి రీడింగ్ తప్పుతుంటే కారణం కనుక్కుని, కొలిచేటప్పుడే కరెంటు ఇచ్చేలా, సెన్సర్‌ను నడిపే ఈఎస్‌పీ32 చిప్పు కోడ్ మార్చాను. ఆ తర్వాత ఎన్ని రోజులు సరిగ్గా పనిచేసిందో అంకె రాయి. లెక్క పెట్టకపోతే ఇప్పుడు పెట్టు, ఊహించి రాయకు. మాటలు ఇంగ్లీషులో నువ్వే కూర్చుకో. "మేము చేశాం" అని మాత్రం ఎక్కడా వద్దు. ప్యానెల్‌లో కూర్చున్నవాళ్లకు మీ నలుగురిలో నువ్వేం చేశావన్నదే కావాలి.

నువ్వు అసలు రాయని సంగతి ఇంకొకటుంది. 2023లో ఇంటర్ అయ్యాక సెలవుల్లో మదనపల్లెలో నాన్న టమాటా మండీలో కూర్చున్నావు. జులైలో ధర కిలో వంద దాటి పరుగెత్తిన రోజులవి, రోజుకో రేటు, మండీలో గోల. నాన్న చిట్టాలో రాసుకునే లెక్కలన్నీ నువ్వు ఎక్సెల్‌లోకి ఎక్కించావు. ఏ రైతు ఎన్ని బాక్సులు తెచ్చాడు, వేలంలో ఏ రేటు పలికింది, బాడుగ ఎంత, హమాలీ ఎంత, కమీషన్ పోగా చేతికి ఎంత అన్నది ఒక్క షీటులో వచ్చేలా చేశావు. అంతకుముందు రాత్రి పదింటిదాకా లెక్కలు తేలేవి కావని, నువ్వున్న రెండు నెలలూ పెందలాడే అన్నం తిన్నామని మీ అమ్మ ఇప్పటికీ చెబుతుంది. దీన్ని ఎందుకు రాయలేదంటే "అది మండీ కదా అత్తా" అన్నావు. మండీ అయితే ఏంటి? ఎవరూ అడక్కుండానే ఒక ఇబ్బంది చూసి, నీకు వచ్చిన పనిముట్టుతో తీర్చావు. డబ్బు లెక్క, తప్పితే రైతు ఊరుకోడు. నేను మనుషుల్ని తీసుకునేటప్పుడు వెతికేది సరిగ్గా ఇదే. ప్రాజెక్టు కింద రెండు లైన్లు దీనికివ్వు. సిగ్గుపడాల్సిన పని కాదు, నాన్న విన్నా సంతోషిస్తాడు.

స్కిల్స్‌లో పదకొండు రాశావు. రెండు రోజుల వర్క్‌షాప్‌కు వెళ్లినందుకు మెషిన్ లెర్నింగ్ కూడా చేర్చావు. నేనైతే మొదటి ప్రశ్న అక్కడే అడుగుతాను, రెండో ప్రశ్నకు నీకు చెమటలు పడతాయి. సీ, పైథాన్ నీకు బాగా వచ్చు, అవి ముందు రాయి. చిప్పుల డిజైన్‌కు వాడే వెరిలాగ్ పరిచయముందని విడిగా రాయి. మిగతావి తీసెయ్. జావాకు గీత గీసి 80 శాతం అని పెట్టావే, దేంట్లో 80 శాతం? ఆ గీతలు వద్దు.

మార్కులు ఉన్నవి ఉన్నట్టు రాయి. సీజీపీఏను శాతంలోకి మార్చాల్సివస్తే మీ యూనివర్సిటీ చెప్పిన లెక్కతోనే మార్చు. మూడో సెమిస్టర్‌లో పోయి తర్వాత కట్టి పాసైన సబ్జెక్టును ఫామ్‌లో అడిగితే దాచకు.

మీ హాస్టల్‌లో ఎవరో డబ్బులిస్తే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ తెప్పిస్తానన్నాడని చెప్పావు కదా, ఆ మాట విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. ఆ వైపు పోకు నాన్నా. ఉద్యోగంలో చేరాక కూడా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ జరుగుతుంది, కాగితంలో రాసిన కంపెనీకే ఫోన్ చేసి అడుగుతారు. మా దగ్గర చేరిన ఒకబ్బాయి ఇచ్చింది అలాంటి సర్టిఫికెట్టేనని ఆరో వారంలో బయటపడింది. ఆ సాయంత్రం లాప్‌టాప్, ఐడీ కార్డు తిరిగిచ్చి వెళ్తుంటే లిఫ్టు దాకా నేనే వెళ్లాను. తెలివైనవాడు, ఆ సర్టిఫికెట్ లేకపోయినా తీసుకునేవాళ్లం.

నువ్వు తీసుకున్న డిజైన్ రెండు కాలమ్‌లది, రంగులున్నది. చూడ్డానికి బాగుంది కానీ చాలా కంపెనీల్లో మనిషికంటే ముందు రెజ్యూమేలు వడపోసే ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్ చదువుతుంది. నీ పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడు. నేను చేశాను. నీ కాలేజీ పేరు మధ్యలో ఫోన్ నంబరు వచ్చి కూర్చుంది. ఒకే కాలమ్‌లో, తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలతో మళ్లీ చెయ్. ఫైలుకు నీ పేరు పెట్టు, "ఫైనల్ న్యూ 3" అని కాదు. నీ కోడ్ పెట్టిన గిట్‌హబ్ లింకు నొక్కితే తెరుచుకుంటుందో లేదో వేరే వాళ్ల ఫోన్లో చూడు.

ఫోన్ నంబరు ఒక్కో అంకె గట్టిగా చదివి చూసుకో. నేను మొదట ఊరి నుంచి మెజెస్టిక్ బస్టాండులో దిగినప్పుడు నా రెజ్యూమే ఇరవై జిరాక్సులు తీసి పంచాను, అన్నిట్లోనూ హాస్టల్ నంబరులో రెండంకెలు తారుమారయ్యాయి. ఒక కంపెనీ వాళ్లు రెండు రోజులు ప్రయత్నించారట. వేరే అమ్మాయి ద్వారా నాకు తెలిసేసరికి ఇంటర్వ్యూ అయిపోయింది. ఆ రాత్రి ఏడ్చింది నాకింకా గుర్తుంది, నీకలా జరగకూడదు.

ఆదివారం మారతహళ్లికి రా. ప్రింటు తీసుకునిరా, స్క్రీన్ మీద కాదు, పెన్నుతో దిద్దుదాం. వచ్చేముందు నాన్నకు ఫోన్ చేసి, ఆ రెండు నెలల్లో రోజుకు ఎంతమంది రైతుల లెక్కలు రాశావో చిట్టా తీయించి కనుక్కో. ఆ అంకె లేకుండా రాకు.

మీ అత్త